రిజిస్టరులో ఉన్న పుస్తకాలు

జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లె హైస్కూలుకు నేను తెలుగు టీచరుగా బదిలీ అయి వెళ్లిన రోజు, హెడ్మాస్టరు నా చేతిలో ఒక తాళంచెవి పెట్టి, బల్ల మీదున్న రిజిస్టరును నా ముందుకు జరిపారు.

"లైబ్రరీ ఇన్‌ఛార్జి ఎప్పుడూ తెలుగు వాళ్లే మేడమ్. ముందున్న మేడమ్ కూడా అంతే. ఈడ సంతకం పెట్టండి."

ప్రొద్దుటూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చాను. అప్పటికే బెల్లు కొట్టేశారు. 'పై పుస్తకాలన్నీ సరిచూసుకుని స్వాధీనం చేసుకున్నాను' అన్న వాక్యం కింద సంతకం పెట్టి తరగతికి పరుగెత్తాను. ఏ పుస్తకాన్నీ చూడలేదు. ఉద్యోగంలో అందరమూ అట్లాగే సంతకాలు పెడతాం.

ఆ తాళంచెవి సంగతి వారం తర్వాత గుర్తొచ్చింది. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలుండే గదిలో, మూలన ఒక ఇనప బీరువా. తలుపు బిగుసుకుపోయి ఉంటే వంటామె, నేను కలిసి లాగాల్సి వచ్చింది. లోపల పుస్తకాలు వరసగా, బుద్ధిగా నిలబడి ఉన్నాయి. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకటి తీయబోయాను. అట్ట మాత్రమే చేతికొచ్చింది. లోపల కాగితం లేదు, ఎర్రమట్టి ఉంది. బీరువా అడుగు తుప్పు పట్టి చిల్లులు పడింది. చెదలు అక్కణ్ణుంచి ఎక్కి, ఒక్కో పుస్తకాన్నీ లోపలినుంచి తినేసి, అట్టల్ని మాత్రం వదిలేశాయి. అన్నిటికన్నా పై అరలో ఒక ముప్పై పుస్తకాలు మిగిలాయి. రిజిస్టరులో చూస్తే మూడు వందల పైచిలుకు.

హెడ్మాస్టరు వచ్చి చూసి, నా చేతిలోని అట్టను తీసుకుని మళ్లీ దాని చోట్లోనే నిలబెట్టాడు. ఆయన చెడ్డమనిషి కాదు. బడికి నీళ్లు రాకపోతే సొంత డబ్బుతో ట్యాంకరు తెప్పించిన మనిషి.

"పోయినాయని రాయొద్దు మేడమ్" అన్నాడు. "రాస్తే విచారణ అంటారు. విచారణంటే ఎవరో ఒకరి జీతంలో కోత. రిజిస్టరులో మీ సంతకముంది. బీరువా మూసేయండి, అంతే."

మూసేశాను. మిగిలిన ముప్పై పుస్తకాలు తరగతిలోకి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాను. ప్రొద్దుటూరులో మా ఇంట్లో ఉన్నవి, ఇరుగుపొరుగు ఇళ్లలో అటకెక్కించినవి అడిగి తెచ్చి కలిపాను. పిల్లలు ఇంటికి పట్టుకుపోవచ్చని చెప్పాను. మొదట ఎవరూ ముట్టుకోలేదు. చింపితే దుడ్లు కట్టాలేమోనని వాళ్ల భయం. ఏడో తరగతిలో గొర్రెలు మేపుకునే ఇంటి ఆడపిల్ల ఒకతి ఉండేది. ఆ పిల్ల ముందుగా ఒకటి తీసుకుంది. మర్నాడు తెచ్చిచ్చి ఇంకొకటి తీసుకుంది. నెల తిరిగేసరికి గట్టు మీదవన్నీ అయిపోయి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

ఒక సోమవారం పొద్దున ఆ పిల్ల తల్లి బడికొచ్చింది. కొంగులో చుట్టి తెచ్చిన పుస్తకం నా బల్ల మీద పెట్టింది.

"ఏం మేడమ్, మీరు చదువు చెప్తాండారా, మా కొంప ముంచుతాండారా? నిన్న బడి లేదు గదా అని పాపను గొర్ల ఎంట పంపిస్తి. ఇది ఈ పుస్తకంలో తలకాయ పెట్టుకోని కూసుండాది. గొర్లు పొయ్యి శనగచేన్లో పడినాయి. ఆ చేను ఆసామి మా ఇంటిముందర నిలబడి నోటికొచ్చినట్ల తిట్టిపాయె."

తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"అయినా దాంట్లో ఏముండాది మేడమ్? ఆయప్ప అంత తిడతాంటే గూడా ఇది పుస్తకం కిందేసింది కాదు."

అది ఎడారిలో ఒంటె తప్పిపోయిన ఒక వ్యాపారి కథ. నేను చెబుతుంటే నిలబడే విన్నది. నేను ఆగగానే, "ఒంటె దొరికిందా?" అని అడిగింది. దొరికిందన్నాను. "అట్లయితే సరే" అని, బల్ల మీదున్న పుస్తకం తనే మళ్లీ తీసి కూతురి చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ ఏడు తల్లిదండ్రుల కమిటీకి ఎవరూ ముందుకు రాకపోతే ఆమెనే చైర్మన్ చేశారు. సంతకం చేయడం కూతురు నేర్పింది. కమిటీ మొదటి సమావేశంలో ఆమె అడిగింది ఒకటే: "పుస్తకాలు చెదల పాలు కాకుండా ఏం చేయల్ల?" మా వైపు నాపరాయికి కొదవలేదు. గనిలో పనిచేసే ఇద్దరు తండ్రులు అంచులు విరిగిన బండలు తెచ్చి, తరగతి గోడకు అరల్లాగా బిగించారు. ఆరు వరసలు. నల్లగా, నున్నగా, చల్లగా ఉండేవి. ఇంక చెదలు రాలేవు. ఆ అరల్లో పెడితే మా పుస్తకాలు ఒక వరసలో సగం కూడా రాలేదు.

అప్పటిదాకా నాకు ఎవరినీ ఏమీ అడగాలన్న ఆలోచన లేదు. దొరికింది తెచ్చుకుంటే చాలనుకున్నాను. పులివెందులకు పోవడంతో నాకా నెమ్మది పోయింది.

తెలుగు టీచర్లందరికీ అక్కడ ఒక బడిలో రెండు రోజుల శిక్షణ పెట్టారు. ముద్దనూరు మీదుగా బస్సులో వెళ్లాను. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని నీడ కోసం వెతుకుతూ ఒక గది తలుపు తోశాను. గుండ్రటి బల్లలు, పిల్లల ఎత్తుకు తగ్గ రంగు కుర్చీలు, గోడ నిండా బొమ్మలు. అద్దాల బీరువాల నిండా కొత్త పుస్తకాలు. కింద పరచిన చాప మీద ఇద్దరు ఆడపిల్లలు బోర్లా పడుకుని చదువుకుంటున్నారు. నేను లోపలికి వచ్చింది కూడా గమనించలేదు. ఒక చిన్న కుర్చీలో కూర్చున్నాను. డబ్బా మూత తీయలేదు.

ఆ బడి తెలుగు టీచరు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "మాకూ మొన్నటిదాకా ఏమీ లేవక్కా" అంది. "పిల్లలు ఎక్కువుండారని, లైబ్రరీ ఇచ్చే బళ్ల లిస్టులో పేరొచ్చింది. మీ బడిలో ఎంతమంది?"

చెప్పాను. ఆమె ముఖం చూస్తేనే అర్థమైంది. ఆ లిస్టులోకి మేము ఎప్పటికీ రాము.

నాకు అసూయ కలిగింది. అది దాచుకోను. కానీ వాళ్లకు ఇవ్వడం తప్పని ఆ రోజూ అనుకోలేదు, ఈ రోజూ అనుకోను. ఆ చాప మీద పిల్లల్ని చూసినవాళ్లెవరూ అట్లా అనలేరు. నా బాధ వేరు. ఎక్కువ పిల్లలుంటే ఎక్కువ పుస్తకాలు, సరే. తక్కువ పిల్లలుంటే తక్కువ పుస్తకాలు, అదీ సరే. తక్కువ పిల్లలుంటే అసలేమీ లేకపోవడం ఏం లెక్క? పెద్ద బడి ఉన్న ఊళ్లో పుస్తకాల అంగడి ఉంటుంది, ఊరి గ్రంథాలయం ఉంటుంది, చదువుకున్న ఇళ్లుంటాయి. మా ఊళ్లో మూడూ లేవు. పల్లెలో బడి చిన్నదైనందుకు ఏడో తరగతి పిల్ల ఏం చేయాలి? ఏటా బడికొచ్చే గ్రాంటు కూడా తలల లెక్కనే వస్తుంది. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, చీపుర్లు, ఫినాయిలు అన్నీ అందులోంచే. ఆ జాబితాలో చివరన గ్రంథాలయం అన్న మాట కూడా ఉంటుంది. ఆ మాట దాకా డబ్బు ఏనాడూ చేరలేదు.

తిరుగు బస్సులో మనసులోనే అర్జీ రాయడం మొదలుపెట్టాను. మూడే కోరికలు. ప్రతి బడికీ, ఎంత చిన్నదైనా, పుస్తకాలకంటూ విడిగా డబ్బు ఇవ్వాలి. దాన్ని ఇంకో ఖర్చుకు మళ్లించకూడదు. ఏమీ లేని బడికి ముందు ఇవ్వాలి.

ప్రొద్దుటూరులో టీచర్ల సమావేశం జరిగినప్పుడు ఆ కాగితం పట్టుకుని బల్ల బల్లకూ తిరిగాను. చాలామంది చదవకుండానే సంతకం చేశారు. లెక్కల మాస్టరొకాయన మాత్రం పూర్తిగా చదివి వెనక్కిచ్చేశాడు. "మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు మేడమ్. నేను దేనికి సంతకం పెట్టల్ల?" అన్నాడు. చాలీచాలని చోట ఒక అవసరం ఇంకో అవసరం గొంతు నొక్కుతుందని నాకు అక్కడే తెలిసింది.

ఆ పిల్ల తల్లి నాకన్నా గట్టిది. అర్జీ చదివి వినిపిస్తే, "దుడ్లు యాడినుంచి వొస్తాయని అడిగితే ఏం చెప్పల్ల?" అంది. పన్నులనుంచి అన్నాను. "మేం ఏం పన్ను కడతాం మేడమ్" అని నవ్వి, ఏదో గుర్తొచ్చి ఇంటికి పోయి పంచాయతీ రసీదు తెచ్చింది. ఇంటిపన్ను, నీళ్లపన్ను, వీధి దీపాల పన్ను, వాటి కింద ఇంకో వరస. నేను దాని మీద వేలు పెట్టి చదివాను. "గ్రంథాలయ పన్ను."

"అంటే?"

"పుస్తకాల కోసం."

"నేను కడతాండానా?"

"ఏటేటా."

ఆమె రసీదు మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

జిల్లా కేంద్రంలో సోమవారం నాడు అర్జీలు తీసుకుంటారు. సెలవు పెట్టి, ఆమెతో కలిసి కడపకు వెళ్లాను. భూముల గొడవలు, పింఛన్లు, ఆస్పత్రి కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్ల మధ్య మూడు గంటలు కూర్చున్నాం. ఒక ముసలాయన మా అర్జీ దేనికని అడిగాడు. చెప్తే, "కతల పుస్తకాలకా!" అని మెల్లగా జరిగి కూర్చున్నాడు.

మా వంతు వచ్చింది. అధికారి మర్యాదగానే మాట్లాడాడు. చిన్న వయసు, అలసిపోయి ఉన్నాడు.

"బడి పుస్తకాలకు వేరే పద్దు ఉంది కదా మేడమ్, గ్రాంటులో."

గ్రాంటు ఎక్కడ అయిపోతుందో చెప్పాను. ఈలోగా ఆమె రసీదు తీసి ఆయన ముందు పెట్టింది.

"సార్, ఇది నేను కట్టిన పన్ను. పుస్తకాలకంట. మా పుస్తకాలు యాడుండాయి సార్?"

"ఇది ఊరి గ్రంథాలయాలకమ్మా, బళ్లకు కాదు."

"మా ఊర్లో యాడుండాది సార్ గ్రంథాలయం?"

"జమ్మలమడుగులో ఉంటుంది."

"మాపటికి బడి ఇడిస్తే బస్సు లేదు సార్. మా పాప యాడికి పోయి చదవల్ల?"

ఆయన కళ్లు దించుకుని అర్జీ మీద ఏదో రాశాడు. ఒక చీటీ మీద నంబరు వేసిచ్చాడు. "తప్పకుండా చూస్తారు" అన్నాడు. బయటికొచ్చి టీ తాగుతుంటే ఆమె అంది, "మంచోడే మేడమ్. మంచోడు గాబట్టే ఏమీ చేయలేడనిపిస్తాంది." నేను ఆ మాట కొట్టిపారేశాను.

మూడు వారాలకు నా ఫోనుకు సందేశం వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడింది. అంతే. స్టాఫ్ రూములో దాన్ని మళ్లీ మళ్లీ చదివాను. డబ్బు మంజూరైందేమో, కాగితం వెనకొస్తుందేమో అని ఆశ. హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి చూపించాను. ఆయన నా వైపు చూడకుండా సొరుగులోంచి ఒక కాగితం తీసిచ్చాడు.

మా అర్జీ కడపనుంచి మెట్టు మెట్టూ దిగి, చివరికి విచారించి నివేదిక ఇవ్వమని మా హెడ్మాస్టరుకే వచ్చింది. ఆయన జవాబు రాశాడు. పాఠశాలలో గ్రంథాలయం కలదు. రిజిస్టరు ప్రకారం మూడు వందల పైచిలుకు పుస్తకాలు కలవు. ఇన్‌ఛార్జి టీచరు సరిచూసుకుని స్వాధీనం చేసుకున్నారు. రిజిస్టరు చివరి పేజీ నకలు జతపరచడమైనది. ఆ నకలులో నా సంతకం.

"నేనేం రాయల్ల మేడమ్?" అన్నాడు. "లేవని రాస్తే మీ మెడకు చుట్టుకుంటాది. మిమ్మల్ని కాపాడినా."

ఆయన అన్నది అబద్ధం కాదు. నన్ను కాపాడడానికే పిల్లలకు పుస్తకాలున్నాయని రాశాడు. నాకు కోపం రాలేదు.

రెండు రోజులు ఆలోచించి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. చూడకుండా సంతకం పెట్టాను, ముప్పై తప్ప పుస్తకాలన్నీ ఎప్పుడో చెదలు తిన్నాయి, ఈ బడిలో గ్రంథాలయం లేదు. విచారణకు ఒకాయన వచ్చాడు. బీరువా తెరిపించి ఫొటోలు తీసుకున్నాడు. బండ అరలు చూసి, "బాగా చేయించినారే" అన్నాడు. తర్వాత ఉత్తర్వు వచ్చింది. పోయిన పుస్తకాల విలువ ఇన్‌ఛార్జి నుంచి రాబట్టాలి. పాతకాలపు ధరలు, పెద్ద మొత్తమేమీ కాదు. జమ్మలమడుగులో బ్యాంకుకు వెళ్లి చలానా కట్టాను. కట్టిన రసీదు ఆఫీసులో ఇస్తూ, అక్కడి గుమాస్తాను అడిగాను.

"ఈ డబ్బుతో మా బడికి పుస్తకాలు కొంటారా?"

"అట్ల కుదరదు మేడమ్. ఇది ఖజానాకు పోతాది. పుస్తకాలు కొనేది వేరే పద్దు."

"ఆ పద్దులో?"

"దాంట్లో ఏం లేదు మేడమ్."

ఇప్పుడు రిజిస్టరులో మిగిలింది ఆ ముప్పై పుస్తకాలే. మా బడిలో గ్రంథాలయం లేదని ప్రభుత్వమే ఒప్పుకుంది. కాబట్టి మళ్లీ అర్జీ పెట్టాను. ఈసారి జవాబు త్వరగా వచ్చింది. విద్యార్థుల సంఖ్య చాలనందున పరిశీలించలేము. మరుసటి ఏడాది పైతరగతుల్ని ఇంకో ఊరి బడిలో కలిపారు. గొర్రెల ఇంటి పిల్ల తొమ్మిదో తరగతికి ఆటోలో పోవడం మొదలుపెట్టింది. ఇక్కడ మిగిలింది చిన్న తరగతులే. హెడ్మాస్టరు రిటైరయ్యాడు. ఎలుకలు ఎక్కడం లేదని బండ అరల మీద బియ్యం బస్తాలు పెట్టారు.

బడికి పుస్తకాలొచ్చి ఉంటే ఎవరి బతుకో మారిపోయేదని నేను చెప్పను. ఆ మాట అంటే నన్ను నేను మోసం చేసుకున్నట్టే. ఒక పిల్ల చదవాలనుకుంది, చదవడానికి ఏమీ లేదు. నేను చెప్పగలిగింది అంతే. దీనికి ఎవరు కారణమని అడిగితే ఒక్క మనిషినీ చూపించలేను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. అందరి పద్దూ వేరేదే.

నన్ను ప్రొద్దుటూరు దగ్గరి బడికి బదిలీ చేశాక, ఒక ఆదివారం ఆ తల్లి ఫోన్ చేసింది.

"మేడమ్, రేపు సోమవారం గదా. ఇంగోసారి పోదామా కడపకు? కింది తరగతుల పిల్లోళ్లయినా ఉండారు. కమిటీలో నేనే ఉండాను ఇంగా."

నాకు ఆరోగ్యం బాగాలేదని చెప్పాను. అబద్ధం. ఆ పూట నేను బాగానే ఉన్నాను. ఫోన్లో ఆమె వెనక గొర్రెలు అరుస్తున్నాయి.

"సరేలే మేడమ్. ఆరోగ్యం చూసుకోండి" అంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆమె ఆ సోమవారం ఒంటరిగా వెళ్లిందో లేదో నేను తెలుసుకోలేదు. తెలుసుకుంటే ఏం చేయాలో నాకు తెలియదు.

పోయిన వేసవికి ముందు ప్రొద్దుటూరు బస్టాండులో ఆ పిల్ల కనిపించింది. ఇంటర్ చదువుతోంది. ఎత్తు పెరిగింది. భుజానికి బరువైన సంచి. నన్ను చూసి పరుగెత్తుకుంటూ వచ్చి, చేతులు పట్టుకుంది. కాలేజీ గురించి, హాస్టలు అన్నం గురించి గబగబా చెప్పింది. ఏమన్నా చదువుతున్నావా అని అడిగాను. సంచి తెరిచి చూపించింది. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, పరీక్షల గైడ్లు.

"ఇవి కాదమ్మా" అన్నాను.

ఒక క్షణానికి అర్థమైంది ఆ పిల్లకు. సిగ్గుపడింది. తప్పు చేసి దొరికినట్టు తల వంచుకుంది. నేను అడగకుండా ఉండాల్సింది.

"టైముండదు మేడమ్" అంది. తర్వాత నా ముఖం చూసి, చిన్నపిల్లను సముదాయించినట్టు, "సెలవుల్లో చదువుతాలే మేడమ్. తప్పకుండా చదువుతా" అంది.

జమ్మలమడుగు బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే ఆ పిల్ల సంచిని గుండెకు పట్టుకుని ఎక్కింది. కిటికీ దగ్గర చోటు దొరకలేదు. నేను చేయెత్తాను గానీ, ఆ గుంపులో ఆమెకు కనిపించి ఉండదు.